నాయన జేబులో అగ్గిపెట్టె

మా ఇంట్లో అగ్గిపెట్టెకు వేరే చోటంటూ ఉండేది కాదు. నాయన చొక్కా జేబే దాని చోటు. పొయ్యి వెలిగించాలన్నా, కరెంటు పోయి కొవ్వొత్తి ముట్టించాలన్నా అమ్మ ఆయన వైపు చెయ్యి చాచేది. గ్యాసు లైటరు వచ్చాక ఇంట్లో ఆ అవసరం తీరిపోయింది గానీ, చర్చిలో తీరలేదు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకు వెళ్తాం. అక్కడ మొదటి కొవ్వొత్తి నాయన అగ్గిపెట్టెతో వెలగాలి, మొదటి పాట నాయన గొంతుతో మొదలవాలి. ఆ అగ్గిపెట్టె ఆయన జేబులో ఎందుకుంటుందో అందరికీ తెలుసు. బీడీల కోసం.

నాయనకు ట్రాక్టరు ఉండేది. బంగారుపాళ్యం చుట్టుపక్కల తోటల నుంచి మామిడికాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలేవాడు. సీజన్లో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ వరుసలో చిక్కుకున్నవాడికి బీడీ ముట్టించడం తప్ప వేరే పనేముంటుంది? అలా ముట్టించీ ముట్టించీ, పాట రెండో చరణానికి వచ్చేసరికి నాయనకు దగ్గు తెర ముంచుకొచ్చేది. చిత్తూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, బీడీ మానకపోతే పాట సంగతి అలా ఉంచి ఊపిరికే కష్టమని మొహం మీద చెప్పేశాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా అమ్మ ఆ ఎక్స్‌రే కవరు ఒళ్లో పట్టుకుని కూర్చుంది. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. నా తీరే అంత.

నాయన యుద్ధానికి దిగాడు. బీడీ కట్టను బావిలో విసిరేసి, సాయంత్రానికి కొత్తది కొన్నాడు. లవంగాలు నమిలాడు, వేరుశెనగలు నమిలాడు, నోటికి తువ్వాలు చుట్టుకుని ట్రాక్టరు తోలాడు. "సాతానుగాణ్ణి ఈ తూరి ఒదిలేది లేదు సూడు" అని తొడ కొట్టేవాడు. సాతానుగాడు సాయంత్రం దాకా ఓపిక పట్టేవాడు, అంతే.

ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రసంగంలో ఒక మాట అన్నారు. ఈ పోరాటాలు మన బలంతో గెలిచేవి కావు, గెలిపించేది దేవుడే, కాబట్టి గెలవకముందే ఆయనకు స్తోత్రం చెప్పే ధైర్యం ఉండాలని. నాయన ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే లేచి నిలబడ్డాడు.

"ప్రభువు నాకు బీడీ మీద జయమిచ్చినాడు. నేను గెలిచినాను!"

చర్చంతా చప్పట్లు, హల్లెలూయాలు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మాకు మాత్రం ఆయన జేబులో అగ్గిపెట్టె ఎత్తుగా కనిపిస్తూనే ఉంది. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలకు ఇంటికి వచ్చేదాన్ని. ఆ సాయంత్రం బస్సు కోసం పోతుంటే వీధి చివర చిల్లర కొట్టాయన నన్ను ఆపాడు. "ఏం పాపా, మీ నాయన బీడీ మానేసినాడంట గదా. మరి ఇప్పుడే కట్ట తీసకపాయ, అదెవురికి?" అన్నాడు. వెక్కిరింపు కాదు, పాపం నిజంగానే తెలియక అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బస్సు సంగతి వదిలేసి ఇంటికొచ్చి నాయన మీద అంతెత్తున లేచాను.

"లేనిది ఉండాదని దేవుని ముందర చెప్తావా నాయనా?"

నాయన కోప్పడలేదు. "నిజమే పాపా. తొందరపడినాను. సరిచేస్తాలే" అన్నాడు.

సరిచేయడమంటే బీడీ మానడమనుకున్నాను. మరుసటి ఆదివారం మళ్లీ లేచాడు. "పోయిన వారం గెలిచినానని చెప్పినాను. గెలవలేదు. వారమంతా తాగినాను. నా చేత కాలేదు. అయినా ఆయన గెలిపిస్తాడని నమ్ముతాండా. ప్రార్థన చేయండప్పా" అని కూర్చున్నాడు.

మా చర్చిలో ఓడిపోయినవాళ్లు సాక్ష్యం చెప్పే ఆనవాయితీ లేదు. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, బోరులో నీళ్లు పడ్డవాళ్లు చెప్తారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ పాలుపోలేదు. అప్పుడు ముందు చాప మీదున్న ఒక ముసలమ్మ లేచింది. "నాకూ కోడలి మీద కోపం పోలేదబ్బయా. నాకూ చేయండి" అంది. కోడలు పక్కనే కూర్చుని ఉంది. ముందు నవ్వింది ఆ కోడలే. ఆ రోజు మా చర్చిలో ప్రార్థన ఎంతకీ ముగియలేదు.

అది మొదలు నాయన ప్రతి ఆదివారం లేచేవాడు. "ఇంకా ఓడిపోతానే ఉండాను. ఆయన మాత్రం ఓడిపోలేదు" అని ఎంత హుషారుగా చెప్పేవాడంటే, గెలిచినవాళ్లు కూడా అంత ఉత్సాహంగా చెప్పరు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆయన తొడ కొట్టడం మానేశాడు. లవంగాలూ తువ్వాలూ మూలన పడ్డాయి. "ప్రభువా, ఇదిగో మళ్లా" అని చెప్పుకుని మరీ బీడీ ముట్టించేవాడు. సీజన్ అయిపోయింది, వానలు పడ్డాయి, క్రిస్మస్ వచ్చి వెళ్లింది. ఈలోగా ఎప్పుడో నాయన సాక్ష్యానికి లేవడం మానేశాడు. విసుగొచ్చిందేమో అనుకున్నాను. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

ఈస్టర్ వచ్చింది. ఇంకా తెలవారలేదు. సమాధుల తోటలో అందరం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. అయ్యగారు ప్రార్థన ముగించి, అలవాటుగా నాయన వైపు తిరిగారు. నాయన జేబు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు.

"అగ్గిపెట్టె లేదయ్యగారూ."

"మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు..." అని ఆగాడు. ఎవరో ఫోన్ లైటు ఆయన మొహం మీద వేశారు. మా అందరికంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉన్నాడు. "అగ్గిపెట్టె కొని చానా దినాలాయ. అవసరం పడలా."

అంత మందిలో ఒక్కరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. ఆయన ఉన్నాడు కదా అని ఎవరూ తేలేదు. ముందు ఎవరో నవ్వారు, తర్వాత తోటంతా నవ్వింది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "నీకు తెల్సా?" అన్నాను.

"తెల్సు. మీ నాయనకు చెప్తే మళ్లా ముందుగానే సాక్ష్యం చెప్తాడని నోరు మూసుకున్నా" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"ఇప్పుడు చెప్పబ్బయా సాక్ష్యం" అని చీకట్లోంచి ముసలమ్మ కేకేసింది.

నాయన పాట ఎత్తుకున్నాడు. వెలగని కొవ్వొత్తి పట్టుకుని, రెండో చరణం కోసం నేను ఊపిరి బిగబట్టాను. రెండో చరణం వచ్చింది, వెళ్లింది. తూర్పున వెలుతురు పరుచుకునేసరికి ఆయన మూడో చరణంలో ఉన్నాడు. నేను ఏడుస్తూ ఆయనతో గొంతు కలిపాను.