థిన్నర్ బండికి కొత్త డ్రైవరు

డిపోలో అందరూ అతన్ని పెళ్లినడక అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా, రంగుల్లో కలిపే థిన్నర్‌ను మోసే ట్యాంకరు తోలుతున్నాడు, ఒక్కనాడూ తొందరపడ్డ పాపాన పోలేదు. వెనక ఎవడెంత హారన్ మోగించినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

అలాంటి మనిషికి ఆ వారం అన్నం సహించలేదు. కారణం భార్య తమ్ముడు. లారీ పట్టి పట్టుమని పది నెలలు కాలేదు, ఇటుకలు తోలి విసిగిపోయి, థిన్నర్ బండే కావాలని పట్టుబట్టాడు. దానికి జీతం ఒకటిన్నర రెట్లు. కొత్తవాడి పక్కన పాత డ్రైవరు ఒక ట్రిప్పు కూర్చుని, పనికొస్తాడని కాగితం మీద సంతకం పెట్టాలి. మేనేజరు ఆ కాగితం తెచ్చి సాక్షాత్తూ బావ చేతిలోనే పెట్టాడు.

"వాడికేం తక్కువండీ? మీరు చేయట్లేదా ఏం?" అని భార్య వారమంతా పోరు పెట్టింది. ఆ మాటకు అతని దగ్గర జవాబు ఉంది గానీ, అది పైకి చెప్పుకునేది కాదు.

సంతకం పెట్టకూడదని నిశ్చయించుకునే బండెక్కాడు. ఆ రోజు సగం లోడే. సగం నిండిన ట్యాంకరుతో కొత్తవాళ్లంతా ఒకే పొరపాటు చేస్తారు. ఇటుకల లారీని ఆపినట్టు ఒక్కసారిగా బ్రేకు తొక్కుతారు. బండి ఆగుతుంది, లోపలి థిన్నర్ ఆగదు. అది ముందుకొచ్చి కొట్టి, ఆగిన బండిని నడిరోడ్డు మీదికి నెడుతుంది.

మొదటి సిగ్నల్ దగ్గర బామ్మర్ది సరిగ్గా అదే చేశాడు. పెళ్లినడక లోలోపల సంతోషించాడు, ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. కానీ రెండో సిగ్నల్‌కు బామ్మర్ది చాలా ముందునుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చాడు. మూడోదానికి బండి ఆగినట్టే తెలియలేదు.

ఊరు దాటాక బామ్మర్ది ముక్కు ఎగబీల్చాడు.

"బావా, వాసనొస్తోంది."

"థిన్నర్ బండిలో అత్తరు వాసనొస్తుందా? తోలు."

"మామూలుగా లేదు బావా. నీకు తెలియట్లేదా?"

"నాకే నేర్పుతున్నావా? తోలమన్నానా."

అతను తోలలేదు. బండి పక్కకు తీసి, ఇంజను కట్టేసి, దిగి వెనక్కి పరిగెత్తాడు. కింది వాల్వు బోల్టు వదులై, థిన్నర్ సన్నటి ధారగా కారుతోంది. కాగిపోయిన రోడ్డు మీద ఎవడైనా సిగరెట్టు పీక విసిరితే ఇద్దరూ బూడిదే. బోల్టు బిగించి, కింద ఇసుక పోసి, రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

బయల్దేరేముందు ఆ వాల్వు చూసింది పెళ్లినడకే. డ్రైవర్లందరిలాగే వేలితో తడిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తల ఊపాడు. అదంతా నటన.

"వాసన తెలియనిది ఎప్పట్నుంచి బావా?" అని అడిగాడు బామ్మర్ది.

"పదహారేళ్లు. ఈ బండెక్కిన ఆరేళ్లకే ఈ థిన్నర్ ఆవిరికి ముక్కు చచ్చిపోయింది. మీ అక్కకి కూడా చెప్పలేదు. పొయ్యి మీద పాలు మాడినా తెలియదు నాకు." "ఇవాళ నిన్ను చంపేసేవాణ్ణిరా. నువ్వు ఇటుకలే తోలుకో. ఈ బండి వద్దు."

బామ్మర్ది చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"ఐదేళ్లు చాలు బావా. ఇల్లు కట్టుకుని మానేస్తా. సంతకం పెట్టు."

పెళ్లినడక అతనికేసి చూశాడు. పెళ్లయిన కొత్తలో ఇతని అక్కకు తాను చెప్పింది అక్షరాలా ఇదే మాట. ఇల్లు కట్టి పదేళ్లు దాటింది.

జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచాడు. అభిప్రాయం రాయాల్సిన చోట, "వాల్వు చూసింది నేను. నాకు వాసన తెలియదు. నా సంతకం చెల్లదు" అని రాశాడు.

బామ్మర్ది చదివి తెల్లబోయాడు. "నీ ఉద్యోగం పోతుంది బావా."

"పోనీ."

"నీకు పోతుంది, నాకు పోదు. సంతకం ఇంకెవరితోనైనా పెట్టించుకుంటా."

ఆ మాటనేసి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిగతా దారంతా బండిని అచ్చం బావలాగే, ఎంతో చక్కగా, నిదానంగా నడిపాడు. పక్కన కూర్చుని చూస్తున్నకొద్దీ పెళ్లినడకకు ఏడుపు ఆగలేదు.