పాల్ రాజ్ పోనివ్వడు

పాల్ రాజ్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు: ఎవర్నీ, దేన్నీ ఆపకుండా పోనివ్వడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి కాసిన మనిషి. లోపలికొచ్చే చెరుకు బండినీ, బయటికెళ్లే టిఫిన్ డబ్బానూ ఆపి "ఎవర్నడిగి?" అనేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డా ఆయన నోరు మూతపడలేదు.

ఇప్పుడు ఇంటి గేటు దగ్గరే కుర్చీ. కోడలు సువర్ణ కొత్త చీపురు తెచ్చినా విచారణే. క్రిస్మస్‌కు ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరుగారి సంచీ కూడా విప్పించాడు.

"ఇజ్జత్ తీస్తున్నవ్ మామా!" అని సువర్ణ తల కొట్టుకుంది.

"బైబిలే ఉన్నది, పోనిచ్చిన గదా!"

ఓ పొద్దున మనవరాలు సుష్మ బడికి పోనని మంచం కింద దూరింది. ఆరో తరగతి పిల్ల. ఫోన్‌లో బొమ్మలు గీసే యాప్ ఒకటి వాడుతుంది. ఆ యాప్‌వాళ్లు సుష్మ ఫోటోను, బడి పేరుతో సహా, ఇంకొందరు పిల్లల ఫోటోల పక్కన తమ ప్రకటనలో వేసుకున్నారు. క్లాసంతా ఒకటే ఏడిపించడం.

సువర్ణ గేటు దగ్గరికి పరుగెత్తింది. "మామా, తల్లిదండ్రులు ఒప్పుకోకుండ పిల్లల వివరాలు తీసుకోవద్దని చట్టమున్నదట. టీవీల జెప్పిన్రు."

"చట్టం గూడ ఉన్నదా!" ఇన్నేళ్లూ చట్టం లేకుండానే ఆపిన మనిషి ఎగిరి లేచాడు. "కలుపు ఫోన్!"

"పాప వయసు ఇరవై రెండని పెట్టింది కదా సార్," అంది యాప్ కంపెనీలో ఫోనెత్తిన అమ్మాయి.

"ఇరవై రెండేండ్ల పిల్ల రెండు జడలేస్కోని ఇస్కూల్ డ్రెస్‌ల ఉంటదా? మీరేసిన ఫోటో మీరే సూడున్రి!"

"ఒప్పుకున్నట్టు నొక్కారు సార్..."

"నేను పాస్టరయ్యనే ఊకె పోనియ్యలే!"

సువర్ణ ఫోన్ మీదికి వంగింది. "నేను తల్లిని. నేను ఒప్పుకోలే. తీసెయ్యున్రి."

"రేపు చూస్తాం మేడమ్."

"సూడున్రి. గప్పటిదాంక లైన్ల ఉంట," అని పాల్ రాజ్ చర్చి కీర్తన అందుకున్నాడు. ఆ గొంతుకు వీధి కుక్కలే ఊరు దాటుతాయి. రెండో కీర్తన సగంలో మేనేజరే లైన్లోకి దిగొచ్చాడు. ప్రకటనలోంచి సుష్మ ఫోటో పోయింది.

సువర్ణ ఫోన్ పెట్టబోయింది.

"ఆగు! దాని పక్కనున్న పిల్లలవో?"

"వాళ్లు మీ పిల్లలు కారు కదండీ!" అన్నాడు మేనేజరు.

"గేటు కాడున్నోనికి మనోళ్లు, పరాయోళ్లు ఉంటరా? వాళ్ల అవ్వయ్యలను అడిగిన్రా?"

అడగలేదట. మూడో కీర్తనకు గొంతు సవరించుకోగానే ప్రకటన మొత్తం ఎత్తేశారు. సుష్మ మంచం కింది నుంచి బయటికి దూకి బడిసంచీ తగిలించుకుంది. సువర్ణ మామను మొదటిసారి గర్వంగా చూసింది.

మేనేజరు ఫోన్ మళ్లీ ఆ అమ్మాయికిచ్చాడు. "ఇక పెట్టేస్తాను తాతా," అంది, నీరసంగా.

"ఆగు బిడ్డా. ఏమన్న తిన్నవా?"

"లేదు తాతా. కాల్స్ ఆగేదాకా లేవనివ్వరు."

పాల్ రాజ్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"లేవనియ్యరా! గా మేనేజర్‌ను మళ్ల పిలువు."