అక్క చీర ముక్కలు

నన్ను మోసం చేసినవాడికి మోసం ఎలా చేయాలో నేర్పింది నేనే. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు కదా, అడగ్గానే ఇంకో పాఠం చెప్పేసింది.

అప్పటికి నేను రిటైరై వనపర్తిలో ఉంటున్నాను. ఊళ్లోకి నెట్ సెంటర్లు వచ్చి కొన్నేళ్లయింది. పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకున్నాను. నా ఈడు ఆడవాళ్లలో అది తెలిసింది నాకొక్కదానికే అని కాస్త మిడిసిపాటు కూడా ఉండేది. ఒకరోజు గద్వాల నుంచి నా పాత విద్యార్థి వచ్చాడు. చీరల దుకాణం పెట్టాడట, గద్వాల చీరలు నెట్‌లో కూడా అమ్ముతున్నాడట. వంగి కాళ్లకు దండం పెట్టి అసలు సంగతి చెప్పాడు.

“మేడం, గద్వాల చీరె అంటే పానం పెట్టేటోళ్లు మీ ఈడోళ్లే. గని వాళ్లే కొంటలేరు. ఫోటో చూస్తరు, పోతరు. ఏం చేస్తే నమ్ముతరు?”

ఎవరైనా ప్రశ్న అడిగితే నేను ఆగలేను. అక్షరాలు పెద్దవి పెట్టమన్నాను. ఫోన్ చేస్తే మనిషి పలకాలన్నాను. డబ్బు ముందే అడగొద్దు, పార్శిల్ తెచ్చిన పోస్టుమ్యాన్‌కే ఇస్తారు అన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, మేం బట్టను కళ్లతో కొనం, వేళ్లతో కొంటాం, కాబట్టి ముందు కవరులో ఒక చిన్న ముక్క పంపమన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

“ఇంకోటి చెప్త, రాసుకో. మా ఈడోళ్లకు పైసలు పోతయని కాదు భయం. మోసపోయినమని తెలిస్తే ఇంట్ల నవ్వుతరని భయం. మోసపోయినా నోరు తెరిచి చెప్పుకోం.”

వాడు నిజంగానే నోటు పుస్తకంలో రాసుకున్నాడు. నాకు ముచ్చటేసింది.

ముక్కల కోసం కొత్త చీరను కోయడానికి మనసొప్పడం లేదన్నాడు. అప్పుడు మా అక్క చీర సంగతి చెప్పింది కూడా నేనే.

అక్కది గద్వాల. బావ మగ్గం మీద కూర్చుంటే ఆమె పక్కన కూర్చుని, అంచు పోగు చుట్టిన నాడె అందించేది. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే పోగుకు పోగు కలుపుతారు. బావ పోయాక మగ్గం తీసేశారు. దాని మీద నేసిన చివరి చీరను అక్క అమ్మలేదు, కట్టుకోనూ లేదు. వంకాయ రంగు ఒళ్లు, పసుపుపచ్చ అంచు. ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకుంది.

నేను అడిగితే ట్రంకు పెట్టె తెరిచి చీర పైకి తీసింది. “నువ్వు చెప్తున్నవ్ గద” అంది. మా ఇంట్లో చీర పూర్తయితే పసుపు పెట్టి మగ్గం నుంచి కోసేవారు. అక్క మళ్లీ పసుపు తడిపి కత్తెరకు పెట్టింది. అంచు, ఒళ్లు కలిసే చోటు వచ్చేలా అగ్గిపెట్టంత ముక్కలు కోసింది. నలభై ముక్కలు. ప్రతి ముక్కా నా చేతిలో పెట్టేముందు వేలితో ఒకసారి తడిమి ఇచ్చింది.

కవర్ల మీద చిరునామాలు నా చేత్తోనే రాశాను. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, ఇటిక్యాల, అన్నిచోట్లా నాతో పనిచేసిన టీచరమ్మలే. వనపర్తిలో ఉన్నవాళ్లను, ఇంకా బతికే ఉన్నామని పెన్షన్ ఆఫీసులో సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు పట్టుకుని, ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి నేనే ఆర్డర్లు కొట్టాను. చేతిలో ముక్క, ఎదురుగా బొమ్మ. ఎవరూ వెనకాడలేదు.

మూడు నెలలకు అచ్చంపేట స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. టీ తాగింది, పిల్లల సంగతులు చెప్పింది, లేచేముందు సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది. దానికి అక్క ముక్క పిన్నుతో గుచ్చి ఉంది.

“నీకు బాధైతదని ఇన్ని దినాలు చెప్పలే. ఇంట్ల గూడ చెప్పలే.”

చీర తిరగేశాను. అంచు ఒంటిని కలిసే చోట, చేత్తో కలిపిన పోగుల గరుకు వేలికి తగలాలి. ఏమీ తగల్లేదు. మరమగ్గం చీర. రంగు మాత్రం అచ్చం అక్క చీర రంగే.

మర్నాడు పొద్దున్నే గద్వాల బస్సెక్కాను. దుకాణంలో వాడు లేచి నిలబడి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. చీర ముందు పడేశాను. వాడు కంగారు కూడా పడలేదు.

“ఒక్కరన్న వాపస్ పంపిండ్రా మేడం? పంపరు. మీరే చెప్తిరి గద, మీ ఈడోళ్లు చెప్పుకోరని.”

నా పాఠాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. చెంప పగలగొట్టాలనిపించింది. బడిలో ఏనాడూ వాణ్ని కొట్టాల్సిన అవసరం రాలేదు, అంత బుద్ధిగా వినేవాడు. చీర తీసుకుని బయటికి వచ్చి, ఆ ఊళ్లోనే ఉన్న అక్క ఇంటికి వెళ్లాను.

అక్క నన్ను చూడగానే సంబరపడింది. “ముక్కలైపోయినయా? ఇంక కొంగున్నది. కొయ్యాల్నా?” అంటూ అప్పుడే ట్రంకు పెట్టె తెరవబోయింది. ఇక దాచలేకపోయాను. చీర ఆమె ఒళ్లో పెట్టాను. అక్కకు చూపు తగ్గింది, అయినా కళ్లు అక్కర్లేకపోయింది. బొటనవేలు అంచు వెంట ఒక్కసారి జరిపింది.

“ఇది మనది కాదు.”

అంతా చెప్పాను, వాడికి నేను రాయించిన మాటతో సహా. వాణ్ని తిడుతుందనుకున్నాను, నన్నైనా తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“వాణ్ని వాళ్లు చూడనే లేదు గద” అంది. “నా బట్ట ముట్టుకొని కొన్నరు. మోసం చేసినదాన్ని నేనే అయిన.”

“అట్లనకు అక్కా.”

“కార్డులు తెచ్చి వాళ్లందరికి రాయి. చీరెలు వాపస్ పంపుమను, పైసలు ఇయ్యమని వాణ్ని అడుగుమను. నా పేరు పెట్టు.”

పోస్టాఫీసు నుంచి నలభై కార్డులు తెచ్చాను. మొదటి కార్డు ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. వాడి మీద కోపం ఎంతున్నా వాడన్నది నిజమే, చెప్పుకోవడానికి చేయి రావడం లేదు. అక్క పక్కనే కూర్చుని, తనకు చదవడం రాని అక్షరాలను చూస్తోంది. ముక్క అసలుదే, చీర నకిలీది, మీ అందరినీ నమ్మించింది నేను అని రాశాను. కింద నా పేరు ఒక్కటే రాశాను.

“నా పేరు పెట్టినవా?” అని అడిగింది.

“పెట్టిన అక్కా” అని రెండో కార్డు తీశాను.