జెండా ఎటు ఎగరాలి

మేడ మీది తాతగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ క్యాంటీన్‌లో సమోసా కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. చిరాకు వచ్చింది. మేమిద్దరం చేస్తున్న బొమ్మ ఓడ మూడో కొయ్యకు ఇంకా ఒక్క తాడు కూడా కట్టలేదు. ఆయన అడిగిన ఒక ప్రశ్నకు జవాబు మూడు రోజులుగా నా దగ్గరే ఉంది, చెప్పలేదు. అదంతా అట్లా వదిలేసి ఎట్లా పోతారు?

“రెండొద్దులు జరమట. దవాఖానకు తీస్కపోయిన్రు. ఇయ్యాల పొద్దుగాల పోయిండు,” అంది అమ్మ. “ఏమన్నా అను బిడ్డా.”

“నేను పని సగంల ఇడిచిపెడితే ఎన్ని మాటలంటుండె అమ్మా,” అన్నాను.

చదివేవాళ్లు క్షమించాలి. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. కృతజ్ఞత ఆ తర్వాత, మెట్లెక్కిన మనిషిలా ఆయాసపడుతూ వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో మేము ఆరేళ్లు కిరాయికి ఉన్నాం. పై వాటాలో తాతగారు, బడిలో లెక్కలు చెప్పే ఆయన కూతురు. మాది నల్గొండ వైపు పల్లె, సముద్రం ఎట్లుంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లది గోదావరి సముద్రంలో కలిసే వైపు, ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. ఆయన తాత ఆ ఓడలకు తెరచాపలు కుట్టేవాడట. ఈయన ఎల్బీనగర్‌లో లారీలకు టార్పాలిన్లు కుట్టి బతికారు. “కుట్టు అదేనమ్మాయ్, గాలే వేరు,” అనేవారు. అరచేతికి తోలుపట్టీ చుట్టుకుని, దాని మీద సూది మొన ఆనించి నెట్టే అలవాటు షాపు మూసేశాక కూడా పోలేదు. చివరికి చొక్కా గుండీ కుట్టడానికి కూడా తోలుపట్టీ కావాల్సిందే.

మొదటిసారి పైకి వెళ్లినప్పుడు నాకు పదమూడేళ్లు. బల్ల మీద మూరన్నర పొడవు ఓడ ఉంది. మూడు కొయ్యలు, ఒక్కో కొయ్యకు అడ్డంగా నాలుగు కర్రలు. వాటికి దండెం మీద దుప్పట్లలాగా నాలుగు పలకల తెరచాపలు వేలాడాలి. అప్పటికి ఒక్కటే వేలాడుతోంది. “తాతా, నువ్వే చేసినవా?” అని అడిగాను. ఆయన కూతురి ముఖం మాడిపోయింది. వాళ్లలో పెద్దవాళ్లను నువ్వు అనరని నాకేం తెలుసు? ఆయన మాత్రం కళ్లజోడు పైకి తోసి, “నువ్వే అను. కానీ ముట్టుకుంటే పని చెయ్యాలి. చూసిపోయే జనం నాకొద్దు,” అన్నారు.

ముట్టుకున్నాను. ఏడేళ్లు ఇరుక్కుపోయాను.

బయటివాళ్లు తెరచాపల్ని చూసి ముచ్చటపడతారు. లోపలి సంగతి తాళ్లది. కొయ్యను పడిపోకుండా పట్టుకునేవి కొన్ని, అవి కదలకూడదు. తెరచాపను ఎత్తేవి, దించేవి, మూల లాగేవి, అడ్డకర్రను గాలికి తగ్గట్టు తిప్పేవి ఇంకొన్ని. అవి కదలాలి. ముందు నిలిపే తాళ్లు, తర్వాతే తిప్పే తాళ్లు. ఈ వరస తప్పితే ఆయనకు లోకం తలకిందులైనట్టే. ఒకసారి వరసలో ఒక్క తాడు మరిచిపోయి, పైన పదకొండు కట్టేశాను. ఆ పదకొండూ విప్పారు. కత్తెరతో కాదు, గోళ్లతో, ఒక్కొక్క ముడీ, నా కళ్ల ముందే, సాయంత్రమంతా.

“గా ఒక్కటి పక్క నుంచి కట్టొచ్చు గద తాతా! ఎవరికి కనిపిస్తది?”

“ఓడకి కనిపిస్తుంది.”

“నువ్వు ఒక్కసారన్న గసొంటి ఓడ ఎక్కినవా?”

“లేదు.”

“మరి?”

“మరి ఎక్కేవాడి ప్రాణం దీని మీదే కదమ్మా వేలాడేది,” అని పన్నెండో తాడుకు మైనం రాయడం మొదలుపెట్టారు. ఎక్కేవాడెవడు? మూరన్నర ఓడ! చీమ కూడా ఎక్కదు. ఆయన పాత పంచెలు చింపి, టీ నీళ్లలో ముంచి తెరచాపలు కుట్టారు. కప్పీలకు బదులు పూసలు. ఆ పూసల్లోంచి దారం దూర్చి లాగితే తెరచాప నిజంగానే పైకి లేచేది. అది చూసిన ప్రతిసారీ కోపం మరిచిపోయేదాన్ని. నన్ను అట్లా మోసం చేశారు.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నాకు మాటల పిచ్చి పట్టింది. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు. కాలేజీ లైబ్రరీ నిఘంటువులో ఓడకొయ్యకు ‘కూపస్తంభం’ అన్న మాట దొరికిన రోజు మెట్లు రెండేసి ఎక్కి వెళ్లి చెప్పాను. ఆయన నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు అన్నారు. “బాగానే ఉంది. గాలివానలో ఓడ నడిపే సరంగు ‘ఓరేయ్, కూపస్తంభం’ అని కేక వేసేసరికి అది విరిగి నీళ్లలో ఉంటుంది. కొయ్య అను చాలు.” నా ముఖం చిన్నబోయిందేమో, “పుస్తకంలో రాసుకో. మాట పారేయకూడదు,” అన్నారు. అయితే తాళ్ల పేర్లు మాత్రం అడిగిన వెంటనే చెప్పేవారు కాదు. ఆ తాడు పదిసార్లు కట్టి చూపించాకే పేరు చెప్పేవారు. “ముందు చేతికి రానీ, తర్వాత పుస్తకానికి చెబుదువు గాని.” నా నోటుబుక్కులో ఒక్కో మాటకు పది ముళ్ల బాకీ. నిఘంటువు ఏనాడూ నన్ను అట్లా సతాయించలేదు.

బయటికి తీసుకెళ్తే ఇంకా పరేషాన్. చంపాపేటలో మా మేనమామ కూతురి పెళ్లికి వాళ్లనూ పిలిచాం. ఫంక్షన్ హాలు ముందు షామియానా వేశారు. ఆయన విస్తరి ముందు కూర్చుని, అన్నం పెట్టించుకుని, పైకి చూసి లేచిపోయారు. పట్టుచీరల మధ్య నుంచి వెళ్లి గుంజ దగ్గర తాడు విప్పుతున్నారు. డెకరేషన్ అబ్బాయి ఉరికొచ్చి, “పెద్దాయనా, ఏం జేస్తున్నవ్? కూలుతది!” అన్నాడు.

“ఇప్పుడు కాదురా, గాలొస్తే కూలుతుంది. ఎటు నుంచి గాలి?”

“గాలేడుంది?”

“వస్తుంది.”

మా నాన్న తలకాయ దించుకున్నాడు. నేను నాకు తెలియని మనిషి అన్నట్టు పప్పు కలుపుకున్నాను. అన్నాలయ్యే వేళకు వానగాలి లేచింది. ఆయన కట్టిన రెండు గుంజల వైపు షామియానా నిలబడింది, రెండోవైపు ఐస్‌క్రీమ్ బల్ల మీద కూలింది. గొప్పవాళ్లు ఇట్లాంటప్పుడు మౌనంగా నవ్వుతారట. ఈయన దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా ఆటోలో “చూశావా?” అంటూనే ఉన్నారు. నేను పదిహేను దాకా లెక్కపెట్టి వదిలేశాను.

నిరుడు మేము తుర్కయంజాల్‌లో సొంతింటికి మారాం. అయినా కాలేజీ అయ్యాక ఒక గంట మేడెక్కి పోవడం మానలేదు. మొదటి కొయ్య పూర్తయింది. ఈ వేసవి చివరికి మధ్యకొయ్య కూడా అయింది, అన్ని తాళ్లతో. ఆ సాయంత్రం ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు నేనొక పని చేశాను. ఎర్రగుడ్డ ముక్కతో ఒక జెండా కత్తిరించి, రెపరెపలాడుతున్నట్టు అలలు మడిచి, గమ్ రాసి గట్టిపరిచి, మధ్యకొయ్య కొసన అతికించాను. ఓడ ముందుకు పోతోంటే జెండా వెనక్కి ఎగురుతున్నట్టు. నాకైతే కన్నీళ్లు వచ్చేంత బాగుంది.

ఆయన గ్లాసులు బల్ల మీద పెట్టి చూశారు. వేలితో జెండా పీకేశారు.

“ఏంది తాతా!”

“తెరచాపల పొట్ట ఎటు ఉబ్బుతుంది?”

“ముందటికి.”

“జెండా?”

“ఎన్కకు. బస్సు మీద జెండా ఎన్కకే ఎగురుతది. బైకు మీద పోతే నా చున్నీ ఎన్కకే ఎగురుతది. నీ ఓడకు ఒక్కదానికే వేరే కానూనా?”

“ఒక్క ఓడ మీద రెండు గాలులు వీస్తాయా అమ్మాయ్? ఆలోచించుకుని రా.”

ఆలోచించుకుని రా! ఏడేళ్లుగా ఇదే మాట. జవాబు చెబితే నోరు అరిగిపోతుందా? పీకేసిన చోట కొయ్య కొసన గమ్ మరక మిగిలింది. నాకు మండిపోయింది. “నీ ఓడ, నీ గాలి, నువ్వే ఉంచుకో. నేను రాను పో,” అని టీ తాగకుండా దిగి వచ్చేశాను. మెట్ల మీద ఉండగా వెనక నుంచి, “టీ చల్లారిపోతుందీ,” అని వినిపించింది. తిరిగి చూడలేదు.

పరీక్షలని ఒక వంక పెట్టుకున్నాను. రెండు వారాలు పోలేదు. ఆయన ఫోన్ చేయలేదు, ఫోన్ చేసే మనిషి కాదు.

ఒక సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం నడుస్తున్నాను. వాన ముందరి గాలి వెనక నుంచి కొట్టింది. దుమ్ము, కాగితాలు, నేను, అందరం ఒకే వైపు. కాళ్లు వాటంతట అవే పడుతున్నాయి. చున్నీ రెండు కొసలూ నా భుజాల మీదుగా ముందుకు లేచి, నాకు దారి చూపిస్తున్నట్టు ఎగురుతున్నాయి. అక్కడే ఆగిపోయాను. వెనక వస్తున్నామె గుద్దుకుని, “నడిరోడ్డు మీద నిలబడ్తవేందమ్మా?” అని కసిరింది.

బస్సుకు ఇంజను ఉంది, గాలిని చీల్చుకుని పోతుంది, అందుకే దాని జెండా వెనక్కి. తెరచాపల ఓడకు వేరే బలం లేదు. వెనక నుంచి తోసే గాలితోనే పోతోంది, ఆ గాలి ఓడ కంటే వేగం. అదే గాలి జెండానూ తోస్తుంది. జెండా ఓడకంటే ముందు పోవాలి.

పది నిమిషాల్లో మెట్రో ఎక్కి వెళ్లి చెప్పొచ్చు. కానీ ఇంకో నాలుగు రోజులు ఎదురుచూడనీ అనుకున్నాను. నన్ను ఏడేళ్లు ఆలోచింపజేశారు కదా, ఒక్కసారి ఆయనా ఆలోచించనీ. ఇది అమ్మ ఫోన్‌కు సరిగ్గా మూడు రోజుల ముందటి మాట.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆయన కూతురు నన్ను లోపలికి పిలిచింది. ఇల్లు ఖాళీ చేసి బడి దగ్గర ఒంటి గది ఇంట్లోకి వెళ్తోందట. “నాన్న ఓడ నువ్వు తీసుకెళ్తావా? నా దగ్గర పెట్టే చోటు లేదు. నీకు వద్దంటే పాత సామాన్లవాడికి ఇవ్వాలి, ఏం చెయ్యను?” అంది. బల్ల మీద ఓడ అట్లాగే ఉంది. రెండు కొయ్యలు నిండుగా, మూడోది బోడిగా. మధ్యకొయ్య కొసన మరక లేదు. సన్నటి గరుకు కాగితంతో రుద్ది తుడిచారు. పక్కనే అగ్గిపెట్టెలో నా ఎర్రజెండా. నానబెట్టి గమ్ పోగొట్టి, ఉతికి, మడత లేకుండా ఆరబెట్టినట్టుంది, మెత్తగా ఉంది. దానికి గుచ్చిన సూది, సూదిలో మైనం రాసిన దారం.

“జ్వరంలో కూడా దాన్ని సర్దనివ్వలేదు,” అంది ఆమె. “నేను కట్టేస్తాను నాన్నా అంటే, నువ్వొద్దు, ఆ పిల్ల వచ్చి చెప్పాలి అన్నారు. ఏం చెప్పాలి?”

చెప్పాను. లెక్కల టీచరుకు వెంటనే అర్థమైంది. ఆ తర్వాతే మేమిద్దరం ఏడ్చాం.

జెండాను రెండు చోట్ల దారంతో కట్టాను. ఈసారి గమ్ రాయలేదు. ఎటు ఎగరాలో నేను నిర్ణయించే పని కాదు.

ఓడను ఒళ్లో పెట్టుకుని తుర్కయంజాల్ షేర్ ఆటో ఎక్కాను. కూర్చోగానే గాలి సంగతి గుర్తొచ్చింది. ఆటో నడిస్తే గాలి ఎదురు నుంచి వస్తుంది. తెరచాపలకు ఎదురుగాలి కొడితే అవి కొయ్యల్నే వెనక్కి నెట్టి విరగ్గొడతాయని ఆయన ఎన్నిసార్లు భయపెట్టారో. ఓడను తిప్పేశాను. ముక్కు నా కడుపు వైపు, చుక్కాని డ్రైవరు వైపు.

డ్రైవరన్న అద్దంలో చూశాడు. “ఉల్టా పట్టుకున్నవేందమ్మా? ఓడ ఎన్కకు పోతది.”

“సీదానే ఉందన్నా.”

“ఎట్ల సీదా?”

చెబుదామని నోరు తెరిచాను. “ఆలోచించుకో అన్నా,” అన్నాను. డ్రైవరన్న నా వంక, వీళ్లతో ఏం పెట్టుకుంటాం అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏడేళ్లు నాదే.

సాగర్ రింగ్ రోడ్డు దాకా ట్రాఫిక్కు, ఆగుతూ సాగుతూ. తెరచాపలు ఉతికిన పంచెల్లా వేలాడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత రోడ్డు ఖాళీ అయింది, ఆటో ఊపందుకుంది, డ్రైవరు పక్క నుంచి ఎదురుగాలి లోపలికి తోసుకొచ్చింది. ముందు కింది తెరచాప కదిలింది. తర్వాత దాని మీదిది. ఒక్కొక్కటే పొట్ట నింపుకుని, అన్ని తాళ్లూ బిగిశాయి. ఒక్క ముడీ జారలేదు. కొయ్య కొసన ఎర్రజెండా రెండుసార్లు తడబడి, సూటిగా విచ్చుకుని, ఓడకంటే ముందుగా, నా ముఖం వైపు ఎగిరింది.