ఇంట్లో కత్తెర ఒక్కటే

మొన్న ఆదివారం ఇల్లు దులుపుతూ మంచం కింది రేకు పెట్టెను బయటికి లాగి మూత తీశాను. ముందు కలరా ఉండల వాసన కొట్టింది, దాని వెనక తుప్పు వాసన, ఆ రెండూ కాస్త తగ్గాక అట్టడుగున అమ్మ పాత చీరల మడతల్లోంచి తునికాకు, తంబాకు కలిసిన వాసన మెల్లగా పైకి వచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ చీరలను వదలని వాసన అది. కామారెడ్డిలోని ఈ ఇంట్లో ఎవరూ ఏనాడూ బీడీలు చుట్టలేదు. అయినా ఆ పెట్టె మూత తీసినప్పుడల్లా నాకు పదకొండేళ్లు వస్తాయి.

"ఇంక ఎన్నేండ్లు దాస్తవ్ దీన్ని? పాత సామాన్లోడు అస్తున్నడు, ఏసెయ్యరాదు," అన్నాడు మా ఆయన, చీపురు చేతిలో పట్టుకొని.

నాకు ఒళ్లు మండింది. ఈ ఇంట్లో మిక్సీలు మూడు మారాయి, ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు విరిగాయి, కొన్న ఏడాదికే ఫోన్లు ముసలివయ్యాయి, వాటిని చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్లలో ఒక్క బందు కూడా ఊడని పెట్టె మాత్రం అందరి కంట్లో నలుసైంది. విరిగినదాన్ని పారేస్తే అర్థముంది, విరగనందుకు పారేయడం ఏం న్యాయమో నాకు తెలియదు. పారేయనని చెప్పాను. ఎందుకు పారేయనో చెప్పాలంటే అమ్మ కత్తెర గురించి చెప్పాలి. ఆ రెంటినీ ఎవరో ఒకరు ఒక్కసారే కొన్నారు, మళ్లీ కొనాల్సిన పని పడలేదు.

ఎల్లారెడ్డికి నడిచి పోయేంత దూరంలో మా ఊరు. నా చిన్నప్పుడు అక్కడ ఏ వాకిట్లోకి పోయినా ఆడవాళ్ల ఒళ్లో చాట ఉండేది, చాటలో ఒక పక్క కోసిన ఆకు, ఒక పక్క తంబాకు కుప్ప, మోకాలి దగ్గర దారపు ఉండ. రాత్రి ఆకు తడిపి గోనెపట్టలో చుట్టి పెడితే తెల్లారేసరికి పాతగుడ్డలా మెత్తబడేది, దాని మీద చిన్న రేకు ముక్క కొలతగా పెట్టి చుట్టూ కత్తిరించేవారు. చలికాలం పొద్దున ఎండ గోడ వెంట జరుగుతుంటే ఆడవాళ్లు చాటలతో సహా దాని వెంట జరిగేవారు, వానకాలం తడి కట్టెల పొగలో కళ్లు నులుముకుంటూ, పొయ్యిలో కాలుతున్న మక్కకంకుల మీద ఒక కన్ను వేసి చుట్టేవారు, ఎండాకాలం చెమట ఆకు మీద పడకుండా కొంగు నెత్తికి కట్టుకునేవారు. మేము పక్కనే కచ్చకాయలాడుకుంటూ, తొక్కుడు బిళ్ల గీతలు గీసుకుంటూ ఉంటే ఊరంతటా కిర్రు కిర్రుమని కత్తెరల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగిందంటే అందరూ కట్టలు కట్టుకొని బీడీల కార్ఖానాకు పోయారని అర్థం.

ఎవరి కత్తెర వారిదే. ఒకరిది ఒకరు ముట్టేవారు కారు, అడిగేవారు కూడా కారు, చేతికి మరిగిన కత్తెర ఇంకొకరి చేతిలో పడితే మొండికేస్తుందని నమ్మకం. ఉత్త కత్తెర ఆడిస్తే ఇంట్లో కొట్లాట అవుతుందని మా వీపుల మీద దెబ్బలు పడేవి. ఆడపిల్ల ఐదో తరగతి దాటుతుండగా అంగడికి తీసుకుపోయి వేళ్లకు సరిపోయే కత్తెర కొనేవారు. దానికి పసుపు పెట్టి, మొదట కోసిన ఆకును దేవుని గూట్లో ఉంచి, వేలు ఒరుసుకుపోకుండా తల్లి పాత చీర పీలికను కత్తెర ఉంగరాలకు చుట్టేవారు. పిల్ల పెరుగుతుంటే పీలిక పలచనయ్యేదే గానీ కత్తెర మారేది కాదు. పెళ్లయితే చీరలతో పాటు అదీ అత్తింటికి పోయేది. పిల్లను చూడటానికి వచ్చినవాళ్లలో తెలివైన ముసలమ్మ ఎవరైనా ఉంటే ముందు కత్తెర తెమ్మని, ఉంగరం లోపల ఎంత నునుపు తేలిందో వేలుపెట్టి చూసేది.

బడి మానేయమని మా ఊళ్లో ఏ తల్లీ ఏ పిల్లకూ చెప్పలేదు. కత్తెర కొన్నారు, అంతే. మొదట మధ్యాహ్నం బడి పోయేది, తర్వాత అంగడి రోజు, తర్వాత పండుగ ముందు వారం, చివరికి ఒకనాడు సారు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగకుండా దాటిపోయేవాడు.

నాకు పదకొండేళ్లు వచ్చిన ఏడు దసరాకు మా పక్కింటి స్వరూప వాళ్ల ఇంట్లో పూజకు పెట్టిన కత్తెరల వరుస నాకింకా కళ్ల ముందే ఉంది. వాళ్ల అమ్మది, ఇద్దరు అక్కలవి, చివర కొత్తగా తళతళలాడుతూ స్వరూపది, నాలుగింటికీ పసుపు, కుంకుమ, తలా ఒక బంతిపువ్వు. గారెలు, మలీద ముద్దలు చేతిలో పెట్టుకొని నేను గడపలో నిలబడి చూశాను. నాకు కత్తెర లేదు. చదువు మీద ప్రేమతో నాకది వద్దనుకున్నానని రాసుకుంటే బాగుంటుంది గానీ అది పచ్చి అబద్ధం. నాకు కత్తెర కావాలి. పుస్తకాల కంటే, పండుగ గౌను కంటే ఎక్కువగా కావాలి. గారె కొరకకుండానే ఇంటికి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత అమ్మ కార్ఖానాకు పోయిన పూట చాట ముందు కూర్చొని అమ్మ కత్తెర అందుకున్నాను. ఆకు తడిపి రాత్రంతా ఉంచాలని నాకు తెలుసు, రోజూ చూస్తున్నదే, కానీ అంత ఓపిక ఎవరికుంది? ఎండు కట్టనే విప్పి కొలత పెట్టి కోశాను. కోసిన ప్రతి ఆకూ పెళపెళమని పగిలింది. పగిలిన కొద్దీ రోషం పెరిగి, అమ్మ వచ్చేసరికి కట్టలో సగం నా ఒళ్లో పొట్టయి కూర్చుంది. ఆ ఆకు కార్ఖానావాళ్లు తూకం వేసి ఇచ్చింది, దానికి సరిపడా బీడీలు మళ్లీ వాళ్లకు చేరాలి. అమ్మ నన్ను కొట్టలేదు. పొట్టంతా చీపురుతో ఊడ్చి, కత్తెర తీసుకొని బొడ్లో దోపుకుంది.

అది చూసి నవ్వింది మా నాయనమ్మ. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమె కొడుకు, అంటే మా బాపు, మస్కట్‌లో ఉండేవాడు కాబట్టి ఇంట్లో అవ్వదే మాట.

"పోరికి చెయ్యాడుతున్నది. దాని కత్తెర దానికి కొనియ్యాలె," అంది అవ్వ.

"ఇంట్ల కత్తెర ఒక్కటే అత్తా. ఇంకోటి రాదు," అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

అవ్వను చెడ్డదాన్ని చేయను. ఎరువడిగి తెచ్చుకున్న కొడవలితో ఊరివాళ్ల పొలాల్లో కోతలు కోసి కోసి నడుం వంగిన మనిషి ఆమె. సొంత కత్తెర ఉన్న ఆడది ఎవరి ముందూ చేయి చాపదని ఆమె లెక్క, ఆ లెక్క ఆమె బతుకులోంచి వచ్చింది. అందుకే వచ్చే అంగడికి, అమ్మ చాట ముందు నుంచి లేవకముందే, నన్ను చెయ్యి పట్టుకొని ఎల్లారెడ్డి తీసుకుపోయింది. నేను దారి పొడుగునా గంతులు వేశాను.

కత్తెరలమ్మే చాచా చాప మీద తాళాలు, అడకత్తెరలు, చాకులు పరిచి మధ్యలో సాన పెట్టుకొని కూర్చునేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి కత్తెర మొద్దుబారినా ఆయన దగ్గరికే రావాలి. నా వేళ్లను తిప్పి తిప్పి చూసి, ఇత్తడి మరమేకుతో ఉన్న ఒక దాన్ని తీసి, తన దగ్గరున్న తడి ఆకు ఇచ్చి కోయమన్నాడు. ఆకు చప్పుడు లేకుండా తెగింది. అంత ఆనందం నాకు అంతకు ముందు తెలియదు.

"ఒక్కపారి కొంటివంటే మల్ల కొననీకి రావు బేటీ. నీ జిందగీ అంతా ఉంటది," అన్నాడు చాచా.

అవ్వ నడుముకున్న సంచి మూతి విప్పుతోంది. అప్పుడు వచ్చింది అమ్మ. చీర నిండా ఆకు పొట్టు, దువ్వని తల, పరుగున వచ్చినట్టుంది, మాట్లాడటానికి ఊపిరి అందలేదు. నా వేళ్లలోంచి కత్తెరను ఒక్కొక్క వేలే విప్పి తీసి చాప మీద పెట్టింది.

"ఏందమ్మా, మంచిగ లేదా?" అన్నాడు చాచా.

"మంచిగుంది చాచా. జిందగీ అంతా ఉంటది. అందుకే వద్దంటున్న."

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్," అంది అవ్వ.

"పోతే పోనీ అత్తా. నాకు గిట్లనే మాచారెడ్డిల మా తల్లిగారింట్ల మా అమ్మ ఒక్కపారి కొనిచ్చింది. గది నన్ను ఇంకా ఇడ్వలేదు."

నేను అంగడి మధ్యలో కూర్చొని ఏడ్చాను. అమ్మ నన్ను రెక్క పట్టి లేపి, రేకు సామాన్లమ్మే అతని దగ్గరికి ఈడ్చుకుపోయింది. అక్కడ ఆకుపచ్చ రంగు వేసిన పెట్టె ఒకటి ఎంచి, వేళ్ల కణుపులతో అడుగు కొట్టి చూసింది, మూత పది సార్లు తీసి వేసింది, తాను దాని మీద కూర్చుంది. తర్వాత నన్ను దాని మీదికి ఎక్కించింది.

"ఎగురు," అంది.

నేను కోపంతో, చీమిడి కార్చుకుంటూ, దాన్ని పగలగొట్టాలనే ఎగిరాను. సొట్ట పడలేదు. అమ్మ కొంగు ముడి విప్పి, "ఇది ఇయ్యిండ్రి," అంది. దాన్ని నెత్తిన పెట్టుకొని ముందు నడిచింది, వెనక నేను, నా వెనక చాలా దూరంలో అవ్వ.

మా అమ్మ చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, కామారెడ్డి సర్కారు హాస్టల్లో సీటు దొరకొచ్చని బడిసారు ఒక మాట అన్నందుకే పెట్టె కొనేసింది. సీటు వచ్చేది జూన్‌లో. మా దిక్కు ఇంట్లోకి కొత్త పెట్టె వచ్చిందంటే పిల్ల పెళ్లని అర్థం. "సందుగ దెస్తిరి, పిల్లను ఎన్నడు తోలుతరు?" అని ఊరు ఊరంతా ఎకసెక్కాలాడింది. అవ్వ ఉగాది దాకా అమ్మతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేది. పెట్టె ఖాళీగా ఉంది కదా అని అవ్వ మక్కలు పోస్తానంటే అమ్మ పోయనివ్వలేదు, దాని మీద కూర్చున్న పిల్లిని కూడా తరిమేది. సీటు రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. అమ్మ మాత్రం ఆ ఎనిమిది నెలలు రోజూ రెండు కట్టల బీడీలు ఎక్కువ చుట్టింది, నన్ను ఒక్క ఆకు ముట్టనివ్వలేదు.

సీటు వచ్చింది. అవ్వ గోడకేసి, "సకినాలు చేసి పెట్టుమను పోరికి," అంది. రెండు రోజులు కూర్చొని ఆమే చేసింది. పైన సకినాలు, మూలకు మామిడికాయ తొక్కు సీసా, కింద రెండు జతల బట్టలతో ఆ పెట్టె కామారెడ్డి బస్సు ఎక్కింది. హాస్టల్లో అది నాకు బల్ల అయింది, కురుస్తున్న కప్పు కింద మెట్టు అయింది, జ్వరం వచ్చినప్పుడు ఆనుకునే గోడ అయింది. దాని మీద పెట్టి చదివిన చదువుతోనే ఇవాళ సర్కారు దవాఖాన ల్యాబ్‌లో కూర్చున్నాను.

ఆ మధ్య రక్తపరీక్షకు స్వరూప వచ్చింది. చేయి చాపితే బొటనవేలి మీద కత్తెర ఉంగరం పడే చోట కాయకాసిన చర్మం రాయిలా తగిలింది.

"నీకు కత్తెర లేదని గప్పుడు మస్తు నవ్వినమే," అంది. మళ్లీ తనే, "నేను గా కత్తెరతోనే ఇల్లు గట్టిన. ఇద్దరు పిల్లల్ని చదివిచ్చిన," అంది. నిజమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే నోరు నాకు లేదు. సూది గుచ్చాను గానీ ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

చాచా చాప వేసే చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. రేకు పెట్టెలు చేసేవాళ్లు కనపడరు, హాస్టల్ పిల్లలు చక్రాల సూట్‌కేసులతో వచ్చి బస్టాండులోనే ఒక చక్రం పోగొట్టుకుంటారు. మా ఊరి వాకిళ్లలో కత్తెరల చప్పుడు పలచబడింది. ఆ రోజులే బంగారమని ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. గారెలు బంగారం, సకినాలు బంగారం, నాతో పాటు బడికి వచ్చి మధ్యలో మాయమైన పిల్లలు మాత్రం ఎవరికీ కథ కాదు. పోయినవాటిలో కొన్ని పోవాల్సినవే.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఆమె కత్తెర అరిగి అరిగి సన్నబడింది, ఇప్పటికీ పాల ప్యాకెట్లు, కొత్తిమీర కాడలు దానితోనే. మొన్న ఆదివారం నేను పెట్టె ముందేసుకొని కూర్చుంటే నా బిడ్డ తన మూడో ప్లాస్టిక్ కత్తెర రెండు ముక్కలుగా పట్టుకొని వచ్చింది. దానికీ ఇప్పుడు పదకొండేళ్లు.

"అమ్మమ్మా, నీ కత్తెర నాకియ్యవా? అది ఎన్నటికి ఖరాబు గాదు గదా," అంది.

అమ్మ పాల ప్యాకెట్ మూల కోసి, గిన్నెలో పోసి, తీరిగ్గా చెప్పింది. "సందుగ నీదే, తీస్కపో. కత్తెర ఇయ్య."

"నువ్వు పోయినంక?"

"గప్పుడు గూడ ఇయ్యొద్దు. మీ అమ్మకు జెప్తున్న, ఇను. నా జిందగీకని కొన్నరు దాన్ని. నాతోటే పోవాలె."

మా ఆయన చీపురు గోడకు ఆనించాడు. నేను పెట్టె మూత వేసి, మా మంచం కిందికి కాకుండా పిల్ల మంచం కిందికి తోశాను. అమ్మ కత్తెరను కొంగుతో తుడిచి, బొడ్లో దోపుకుంది.