బోర్డు మీద నేను రాయని పేరు

ఈ మధ్యాహ్నం మంచిర్యాలలో నాన్నను మట్టి చేసి వచ్చాం. చర్చి వాళ్లు వచ్చారు. ముప్పై ఏళ్లు ఆయనతో పాటు గోదావరిఖని గనిలో దిగినవాళ్లు ఒక్కరూ రాలేదు. నాకు కోపం కూడా రాలేదు.

తెల్లవారుతూనే వెళ్లి గని గేటు దగ్గరి బోర్డు మీద చావు కబురు రాసింది నేనే. 'రిటైర్డ్ కార్మికుడు థామస్ గారు' అని రాశాను.

సాయంత్రం నాన్నతో కలిసి పనిచేసిన మల్లయ్య కాక వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పొద్దుగాల బోర్డు సూసిన బిడ్డా. ఎవరో థామస్ అనుకొని గనిల దిగిన. పైకొచ్చినంక క్లర్కు చెప్పిండు. టామీ అని రాస్తే అందరం వస్తుంటిమి గదా!"

థామస్‌ను ఇంగ్లిషువాళ్లు ముద్దుగా టామీ అంటారు. ఒకప్పుడు వాళ్ల మామూలు సిపాయినీ అలాగే పిలిచేవారట. నాన్నకు ఆ పేరు పెట్టింది పాత మేనేజరు. మా కాలనీలో మాత్రం అది వీధికో కుక్క పేరు. బడిలో నన్ను చూసి పిల్లలు మొరిగేవారు.

రేపు బోర్డు మీద తనే మళ్లీ రాస్తానని చెప్పి కాక వెళ్లిపోయాడు.

మీ నాన్నను డ్యూటీలో ఏమని పిలిచేవారో మీకు తెలుసా? నాకు తెలుసు. అయినా రాయలేదు.