మైకు మావయ్య కాలీఫ్లవర్ వేలం

కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ మైకు మావయ్యే. చెక్కపెట్టె ఎక్కి వేలం మొదలుపెట్టాడంటే లారీల రొద, కూలీల కేకలు, బేరగాళ్ల తగువులు అన్నీ దాటుకుని ఆ గొంతు గేటు దాకా వెళ్లి తగిలేది. యజమాని ఒకసారి ముచ్చటపడి నిజం మైకు తెచ్చిపెడితే, రెండు మాటలు మాట్లాడి పక్కన పడేశాడు. "ఇది నా గొంతుకి అడ్డమొస్తోంది" అన్నాడు. ఎంత పొగరో చూడండి! అయినా ఆ పొగరు ఆయనకు చెల్లింది.

ఆ మార్కెట్లో పద్ధతి ఒకటే. చెయ్యెత్తితే పాట పాడినట్టే లెక్క. తల గోక్కోవడానికి ఎత్తినా సరే, మావయ్య కంటపడితే తప్పించుకునే దారి లేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని, కుడిచెయ్యి గాల్లోకి లేపి తొడమీద ఫట్‌మని చరిచేవాడు. ఆ చరుపుతో బేరం ముగిసినట్టే. "ఈగను తోలుకున్నాను మావయ్యా!" అని ఎవడైనా మొత్తుకుంటే, "అయితే ఈగతో సహా తీసుకుపో" అనేవాడు.

అంతటి గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు, దుమ్మన్నాడు, వేడినీళ్లు పుక్కిలించాడు. నెలలు గడిచినా తగ్గలేదు. ఒకరోజు మూడోసారి అనబోతే ఒట్టి గాలి తప్ప ఏమీ రాలేదు. జనం వేళాకోళం అనుకుని నవ్వారు. ఆయన మాత్రం పెట్టె దిగేశాడు. తిన్నగా ఇంటికొచ్చి పెళ్లాం ముందు నోరు తెరిచి చూపించాడు.

"మెల్లగా మాట్లాడండి, మెల్లగా మాట్లాడండి అని ఇన్నేళ్లూ మొత్తుకుంటే, ఇప్పుడా వినేది? అదీ మరీ ఇంత మెల్లగానా!" అంటూనే ఆవిడ చెప్పులు వేసుకుంది. అట్నుంచటే ఆస్పత్రికి లాక్కెళ్లింది.

గొంతు డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి లోపలికి పంపింది. దాని కొసన బియ్యపుగింజంత కెమెరా. ఓరి నాయనో! కోసిందీ లేదు, పడుకోబెట్టిందీ లేదు, కూర్చున్న కుర్చీలోనే గొంతు లోపలంతా టీవీలో కనబడుతోంది. డాక్టరమ్మ ఆ టీవీని ఆయన వైపే తిప్పింది. "మీ గొంతు కదా, ముందు మీరే చూడండి" అంది. లోపల తెల్లగా, గరుగ్గా ఏదో మొలిచింది. బతుకంతా కూరగాయల మధ్య గడిపిన మనిషికి వేరే చెప్పాలా? అచ్చం కాలీఫ్లవర్ తునక. దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరని తేలింది.

తర్వాతి వారం పెద్ద బల్ల చుట్టూ డాక్టరమ్మ, ఆపరేషన్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు, గొంతు అభ్యాసాలు నేర్పే టీచరమ్మ కూర్చున్నారు. మొగుడూపెళ్లాలకు కూడా అదే బల్ల దగ్గర రెండు కుర్చీలు వేశారు. ఇలాంటివన్నీ డాక్టర్లు తలుపులు మూసుకుని తేల్చేస్తారనుకున్న మావయ్య బిత్తరపోయాడు. అంతకన్నా బిత్తరపోయింది వాళ్లు అడిగిన మొదటి మాటకి.

"మీకు అన్నిటికన్నా ఏది ముఖ్యమండీ?"

"ప్రాణం" అంది పెళ్లాం ఠక్కున. "గొంతు పోతే పోనివ్వండి. సైగలు చేసుకుంటూ బతుకుతాం."

మావయ్య ఆవిడ వైపు కొరకొరా చూసి, వేలితో గొంతు చూపించి, బల్లమీద గుద్దాడు. ఆవిడ మళ్లీ ప్రాణమే అంది. ఆయన మళ్లీ గుద్దాడు. అంతమంది డాక్టర్ల ముందు ఇద్దరూ పోట్లాడుకున్నారు, అందులో ఒకరికి నోట మాటే లేదు!

రేడియేషన్ డాక్టరు నవ్వి, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఒకప్పుడైతే చాలామందికి స్వరపేటిక మొత్తం తీసేసేవాళ్లం. మీకు ఇంకో దారి ఉంది. రేడియేషన్, దాంతోపాటు ఒక మందు. ఇప్పటి మిషన్లు గడ్డ ఎలా ఉందో చూసుకుని ఆ ఆకారానికే కిరణాలను మలుస్తాయి, చుట్టుపక్కల దెబ్బ తగ్గుతుంది. గడ్డ కరిగిపోతే గొంతు నిలుస్తుంది. కరక్కపోతే మాత్రం తీసేయక తప్పదు. కనిపెట్టుకుని ఉంటాం. మీ ఇద్దరూ ఆలోచించుకుని చెప్పండి."

ఆవిడ కొంగు దోపుకుంది. "సరే, కానివ్వండి. ఈయన అరవకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అంది చివరికి. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తన గొంతును మెచ్చుకోవడం మావయ్య వినడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకున్నాడు.

రేడియేషన్ గదిలో వేడినీళ్లలో మెత్తబడ్డ జల్లెడలాంటి ప్లాస్టిక్ రేకును ఆయన మొహం మీద, భుజాల మీద పరిచి ఒత్తారు. అది ఆరి గట్టిపడి ముసుగైంది. దాన్ని ఆయన పడుకున్న బల్లకి బిగిస్తే మెడ వెంట్రుకవాసి కదలదు. మిషను నడిపే అమ్మాయి చెప్పింది: "అంకుల్, అవతలి గదిలోంచి కెమెరాలో చూస్తూనే ఉంటాను. ఏ ఇబ్బందైనా చెయ్యెత్తండి చాలు, ఆపేసి పరిగెత్తుకొస్తా."

మొదట్లో బాగానే గడిచింది. ఓరోజు ఆ ముసుగులో ఊపిరాడనట్టనిపించి, భయం పోగొట్టుకోవడానికి ఆయన కళ్లు మూసుకుని మనసులో వేలం మొదలుపెట్టాడు. సరుకేమిటంటారా? గొంతులో మొలిచిన ఆ కాలీఫ్లవరే! ఎంతకైనా సరే వదిలించుకోవాలని పట్టుదల. రండి బాబూ రండి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి... అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? గాల్లోకి లేచి తొడమీద ఫట్‌మంది.

మిషను ఆగిపోయింది. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, వెనకాలే నర్సు, ఆ వెనకాల డాక్టరు. గబగబా ముసుగు విప్పి, "ఏమైంది అంకుల్, ఏమైంది?" అని గాభరాపడిపోయారు.

"అమ్మేశాను" అన్నాడు మావయ్య గుసగుసగా.

సంగతంతా తెలిశాక ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "బాబోయ్, నా ప్రాణాలు తోడేశారు! మీకన్నా ముందొచ్చే బామ్మగారు మనవరాలి కబుర్లు రికార్డు చేసి తెచ్చి, మైకులో పెట్టమంటే పెడుతున్నాం, మీకు వేలం పెట్టలేమా? రేపట్నుంచి మైకులో నేను పాడిస్తాను. మీరు మాత్రం చెయ్యెత్తారో, ఊరుకోను!"

అన్నట్టే మర్నాడు మొదలుపెట్టింది. అబ్బ, ఎంత చెత్త వేలమో! పై ధర నుంచి కిందికి దిగుతుంది, ఎవరూ పాడకముందే మూడోసారి అనేస్తుంది. ముసుగు లోపల మావయ్య కుతకుత ఉడికిపోయాడు. ఆ కోపంలో భయం ఎటు పోయిందో పోయింది. బయటికొచ్చాక సైగలతో, గుసగుసలతో పాఠం చెప్పేవాడు. గొంతు లోపల మండిపోయి గంజి కూడా దిగని రోజుల్లో సైతం, ఆ పిల్ల ఇవాళెలా పాడిస్తుందో చూడాలని ముందుగా వెళ్లి కూర్చునేవాడు. చివరి రోజున వరండాలో కాచుకున్న పేషెంట్లందరి చేతా పాట పాడించి, ఆ కాలీఫ్లవర్‌ను చెత్తబండికి అమ్మేసింది.

కొన్నాళ్లు ఆగి గొంతు డాక్టరమ్మ మళ్లీ గొట్టం పంపింది. టీవీ మళ్లీ ఆయన వైపే తిప్పింది. పెళ్లాం ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. తెర మీద గులాబీరంగులో నున్నటి గొంతు, అంతే. తునక లేదు, గరుకు లేదు!

"పోయింది. స్కానులోనూ ఏమీ లేదు. పరీక్షలకు మాత్రం వస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ. మావయ్య తొడ చరుచుకున్నాడు. పెళ్లాం ఎవరున్నారని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చేసింది.

కానీ గొంతు? టీచరమ్మ దగ్గర రోజూ అభ్యాసం చేయగా చేయగా తిరిగొచ్చింది గానీ పాతది కాదు, గీరుకుపోయిన కొత్త గొంతు. పెట్టె ఎక్కే రోజున మావయ్య పెళ్లాంతో పందెం వేసుకున్నాడు. "నువ్వు గేటు దగ్గర నిలబడు. వినబడితే చెయ్యెత్తు. వినబడలేదో, ఇక పెట్టె దిగేసి ఇంటికొచ్చేస్తా."

ఆయన పెట్టె ఎక్కగానే మార్కెట్ మార్కెట్టంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. లారీలు కూడా ఆపేశారు. మావయ్యకు ఒళ్లు మండింది.

"ఏం, ఇక్కడెవరైనా పోయారా? మీ గోల మీరు చేసుకోండెహె!"

గోల మళ్లీ మొదలైంది. కాలీఫ్లవర్ బస్తాలు ముందుకొచ్చాయి. పాట పెరిగింది. ఒకటోసారి అన్నాడు, గేటు వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. రెండోసారి అన్నాడు. ఆవిడ చెయ్యి లేవలేదు. టీచరమ్మ నేర్పినట్టు పొట్టలోంచి ఊపిరి తీసుకుని, కుడిచెయ్యి గాల్లోకి లేపి, ఉన్నదంతా ఊడ్చి వదిలాడు.

"మూడో...సారీ!"

గేటు దగ్గర ఆవిడ చెయ్యి లేచింది. ఒకటి కాదు, రెండు చేతులూ ఎత్తి ఎగిరెగిరి ఊపుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది మావయ్యకు మార్కెట్ పద్ధతి. నవ్వాపుకోలేక, తొడమీద ఫట్‌మని చరిచాడు.

"గేటు దగ్గరున్నావిడకి! మొత్తం బస్తాలన్నీ!"

"ఇన్ని కాలీఫ్లవర్లు నేనేం చేసుకోనండీ, మీ మొహం!" అని గేటు దగ్గర్నించి ఆవిడ కేకేసింది.

"వండిపెట్టవే!" అన్నాడు మావయ్య పెట్టె మీంచే. అదీ ఆవిడకు వినబడింది.